అరవేలు బేరం

రూబెన్ కుడి చేతికి నాలుగున్నర వేళ్ళు. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఒక్కసారైనా ఎడ్లు కొన్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. చిటికెన వేలు సగానికి ఆగిపోయింది. చివర చర్మం ముడుచుకుని, దోసకాయ తొడిమ ఊడిన చోటులా ఉంటుంది. కొత్తవాళ్ళెవరైనా దాని వంక దొంగచూపు చూస్తే రూబెన్ తనే చెయ్యి చాపేవాడు.

"చూడండి, పర్లేదు. బేరాల్లో అందరికీ వేలకి వేలు మిగులుతాయి. నాకు మిగిలింది అరవేలు."

ఆ వేలు పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో పోయింది. బండలాగుడు పందెం జరుగుతోంది. రూబెన్ అప్పటికి మీసం దువ్వుకునే వయసులో ఉన్నాడు. జి.కొండూరు రైతు ఒకాయనకి చెందిన ఎడ్లజతను తోలడానికి దిగాడు. బండకు తగిలించిన గొలుసు సర్దుతుండగా, ఈల వెయ్యకముందే, జనంలోంచి ఎవడో ఎడ్ల కాళ్ళ మధ్యకి టపాకాయ విసిరాడు. ఎడ్లు బెదిరి ముందుకు దూకాయి. గొలుసు బిగుసుకుంది. కొక్కేనికీ బండకీ మధ్య వేలు ఉండిపోయింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడయిందని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

రూబెన్ చెయ్యి వంక చూసుకోలేదు. తలగుడ్డ విప్పి చుట్టుకుని, చర్నాకోల ఎడమ చేతికి మార్చుకుని, పందెం ముగిసేదాకా తోలాడు. జతకి రెండో బహుమతి వచ్చింది. అప్పుడు జనంలోకి నడిచి, టపాకాయ విసిరినవాణ్ణి వెతికి పట్టుకున్నాడు. చర్నాకోల కర్రతో మూతి మీద ఒక్కటి వేస్తే రెండు పళ్ళు రాలాయి. ఇంకోటి వేస్తే వాడు కూలబడ్డాడు. ఆపైన ఆపడానికి ఊరి పెద్దమనుషులు మీద పడాల్సి వచ్చింది. రక్తం ఎవరిది ఎంతో తెలియకుండా ఇద్దరినీ ఒకే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు.

అలాంటి మనిషి రూబెన్. ముందు చెయ్యి లేస్తుంది. ఆ తర్వాతే మాట వస్తుంది.

అతని తండ్రి పుల్లయ్య పశువుల దళారీ. కొడుకు చేతికి పని కల్పించింది ఆయనే. పశువుల బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడి చేతినీ దళారీ చేతినీ కలిపి మీద తువ్వాలు కప్పుతారు. లోపల పట్టుకున్న వేళ్ళే లెక్క. ఒక వేలు పడితే ఒకటి, మూడు పడితే మూడు. వేలంటే వెయ్యా, పది వేలా, లక్షా అన్నది సరుకును బట్టి ముందే అనుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఆ ధర ఇద్దరికే తెలుస్తుంది. తర్వాత దళారీ కొనేవాడి దగ్గరికి పోయి చెబుతాడు. అతను చెప్పిందే ధర.

రూబెన్‌తో బేరానికి ఒక సవరణ ఉంది. అతని చెయ్యి మొత్తం గుప్పిట్లోకి తీసుకుంటే నాలుగున్నర. అయిదు చెప్పాలంటే మణికట్టు పట్టుకోవాలి. సంతలో పాలు తాగే దూడకి కూడా ఇది తెలుసని పుల్లయ్య నవ్వేవాడు. నవ్వుతూనే ఒక మాట మాత్రం గట్టిగా చెప్పేవాడు.

"మన నోరు మన చేతిలో ఉంటదిరా. నోటితో అబద్ధమాడినోణ్ణి జనం తిట్టి వదిలేస్తారు. చేత్తో అబద్ధమాడినోడి చెయ్యి మళ్ళా ఒక్కడు పట్టుకోడు."

పుల్లయ్య పోయాడు. సంతలూ పలచబడ్డాయి. ఎడ్లు పందేలకి తప్ప పనికి రాని రోజులు వచ్చాయి. రూబెన్ పాత ట్రాక్టర్ల బేరాల్లోకి మళ్ళాడు, అక్కణ్ణించి పాత కార్లలోకి. కారు ఏదైనా చుట్టూ తిరిగి, ముందు చక్రం మీద అరచేత్తో చరిచి చూసేవాడు. "డెక్క గట్టిదేనా అని చూస్తున్నా," అనేవాడు. కార్లవాళ్ళు నవ్వుకున్నారు గానీ, పల్లెటూళ్ళ రైతులకి తువ్వాలు బేరం మీదే నమ్మకం. హైవే పక్కన పాత కార్ల కొట్లలో కూడా రూబెన్ భుజం మీద తువ్వాలు దిగలేదు.

భార్య జయమణికి ఆ తువ్వాలంటే ఇష్టం. ఆమె మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే పనికి పోతుంది. గరికపాడు దగ్గర ఓ ధాబాలో, దూడల లారీ విషయంలో మాటా మాటా పెరిగి, "ఏంది బే, గుడ్లురుముతున్నవ్?" అన్న డ్రైవరు తల రూబెన్ స్టీలు జగ్గుతో పగలగొట్టినప్పుడు, వాడి మనుషులు ఇతని పక్కటెముకలు విరగ్గొట్టినప్పుడు, ఆస్పత్రి మంచం పక్కన ఆమె ఒకటే అడిగింది.

"నీ చెయ్యి తువ్వాలు కింద ఉన్నంతసేపే నేను కుదురుగా ఊపిరి తీసుకుంటన్నా. ఇంకో మనిషి మీద లేచిందా, నన్ను మర్చిపో. మా అమ్మోళ్ళింటికి పోతా. నవ్వులాట కాదు."

రూబెన్ ఆమె చేతిలో చెయ్యి వేశాడు. మిరపకాయల చెయ్యి అది, ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. ఆ మంటలో పెట్టిన మాట కాబట్టి నిలబెట్టుకున్నాడు.

ఆ మాటకి పరీక్ష రెండు కార్ల రూపంలో వచ్చింది.

నందిగామ బైపాస్ మీద వరప్రసాదరావు కొత్తగా కార్ల కొట్టు తెరిచాడు. అంతకుముందు మోటారు సైకిళ్ళు అమ్మేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, తనకి తెలియనిది లోకంలో ఏదీ లేదన్న ధీమా ఒక్కటే అతని జబ్బు. హైదరాబాదు నుంచి రెండు అమెరికా కార్లు తెప్పించాడు. ఒకటి ఎర్రది, ముందు పరిగెత్తే గుర్రం బొమ్మతో. ఇంకోటి నల్లది, తల కిందికి వంచి కుమ్మడానికి వస్తున్నట్టు. కంపెనీ వాళ్ళు పెట్టిన పేర్లు ఇక్కడెవరి నోటా తిరగలేదు. గుర్రం, దున్న అన్నారు. స్టార్టు చేస్తే పక్క కొట్టులో టీ గ్లాసులు గలగలలాడేవి.

ఆ కార్లకి రెండు ధరలు. ఒకటి కాగితం మీద ఉండేది. రెండోది 'పైన'. సరుకు తక్కువ, మోజుపడేవాళ్ళు ఎక్కువ అయినప్పుడు కాగితం ధర మీద డీలరు వేసుకునేదే ఈ పైన. దానికి రసీదు ఉండదు.

"విజయవాడ నుంచి ఇద్దరు, గుంటూరు నుంచి ఒకరు లైన్లో ఉన్నారు రూబెనూ," అన్నాడు వరప్రసాదరావు. "పైన లేకుండా తాళం కదలదు. నీ ఎనక ఎవరైనా గట్టోడున్నాడా?"

గట్టివాడు ఉన్నాడు. భవానీప్రసాద్. నందిగామ పక్క ఊళ్ళో పొలాలు, కంకర క్రషర్లు, పందెపు ఎడ్లు ఉన్న ఆసామి. ముప్ఫై అయిదు దాటలేదు గానీ, పందెంలో తన ఎడ్లు ఓడితే తోలినవాడికి చెంపదెబ్బలు తప్పవని పేరు. రూబెన్ అతనికి మూడు జతలు కొనిపెట్టాడు. మూడూ గెలిచాయి. అందుకని ఆ చెంపదెబ్బలు ఇతనిదాకా రాలేదు.

భవానీప్రసాద్ తన డ్రైవరు డేవిడ్‌రాజుని వెంటబెట్టుకుని వచ్చాడు. డేవిడ్‌రాజు జయమణికి పిన్ని కొడుకు. రూబెన్‌ని 'బావా' అంటాడు.

"రెండూ తోలి చూద్దాం," అన్నాడు భవానీప్రసాద్. "నాకైతే దున్న మీదే మనసుంది. దాని రంకె విన్నావా?"

"రంకె ఇని ఎద్దుని కొనరు ప్రసాద్‌గారూ. మలుపు తిప్పి కొంటారు."

ముందు గుర్రాన్ని తీశారు. అది హైవే మీద ఒక్క దూకు దూకింది. డేవిడ్‌రాజు వెనక సీట్లో "ప్రభువా!" అన్నాడు. తర్వాత దున్న. పెనుగంచిప్రోలు రోడ్డు మీదికి తిప్పారు. రెండు పక్కలా మిరప కల్లాలు, కనుచూపుమేర నేల ఎర్రగా పరుచుకుని ఉంది. దున్నకి అద్దాలు ఇరుకు, లోపల కూర్చుంటే బావిలోంచి చూసినట్టే. ఎదురుగా ఆటో వచ్చింది. భవానీప్రసాద్ స్టీరింగు పక్కకి కోశాడు. అటు పక్క ఏముందో అతనికి కనపడలేదు.

నల్ల కారు కల్లంలోకి దూసుకుపోయింది. బ్రేకు వేశాడు. బయటపడదామని యాక్సిలరేటర్ తొక్కాడు. అదే తప్పయింది. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఎండు మిరపకాయలు పొడై లేచాయి. కల్లం అంతా ఎర్ర పొగ. ఏరుతున్న ఆడవాళ్ళు ముక్కులు మూసుకుని, దగ్గుతూ, తిడుతూ లేచారు. రైతులు కర్రలు తీసుకుని వచ్చారు. మొదటి దెబ్బకి వెనక అద్దం భళ్ళుమంది.

రూబెన్ ముందు దిగాడు. కళ్ళలో కారం. ఎవరు కొడుతున్నారో కనపడలేదు. కర్ర భుజం మీద పడింది, మోకాలి మీద పడింది. మూడోసారి పడబోతే పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి తిరగబడడానికి పైకి లేచింది కూడా. అప్పుడు ఆ ఎర్ర పొగలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఏమయ్యోయ్! ఇదా నీ కొత్త యాపారం? కాయలు కార్లతో తొక్కిచ్చడమా?"

జయమణి. ఆమె ఈ కల్లంలోనే కూలికి వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, అతని చేతిని చూస్తోంది. మొహం వంక కాదు, చేతి వంకే.

రూబెన్ కర్ర వదిలేశాడు. ఇంకో రెండు దెబ్బలు తిని నిలబడ్డాడు. కొట్టేవాడికే విసుగొచ్చి ఆగాడు. పాడైన కాయలకి భవానీప్రసాద్ అక్కడికక్కడే సర్దుబాటు చేసుకున్నాడు. పగిలిన అద్దం కూడా తన లెక్కలోనే వేసుకున్నాడు. కళ్ళు కడుక్కుంటూ తనే అన్నాడు.

"దున్న వద్దు రూబెన్. దానికి కళ్ళు లేవు. గుర్రమే."

అలా కారు ఎంపిక అయిపోయింది. ఇక మిగిలింది పైన.

ఆ సాయంత్రమే కొట్టులో బేరం. భవానీప్రసాద్ దూరంగా కుర్చీలో కూర్చున్నాడు. రూబెన్ తువ్వాలు దులిపాడు. మిరపపొడి రాలింది. అందరూ తుమ్మారు.

"ఎడ్ల బేరం మీకు అలవాటుందా అండీ?" అని అడిగాడు రూబెన్. "లేకపోతే నోటితోనే..."

"నాకు తెలీనిదేముంది? మా తాత ఎడ్లు అమ్మినోడే," అన్నాడు వరప్రసాదరావు. "వేలుకి లక్ష. అంతేగా? పట్టు."

తువ్వాలు కింద అతని చెయ్యి వచ్చి రూబెన్ చేతిని మొత్తం గుప్పిట్లోకి తీసుకుంది. గట్టిగా ఒకసారి నొక్కి వదిలేసింది. నాలుగున్నర. పైన అయిదు అడుగుతాడేమోనని రూబెన్ అనుకున్నాడు. పర్లేదు, మనిషి న్యాయంగానే ఉన్నాడు. మణికట్టు వంక ఆ చెయ్యి రాలేదు. తువ్వాలు కింద పట్టిన దాన్ని మళ్ళీ నోటితో అడగడం పుల్లయ్య కొడుక్కి నామోషీ. అడగలేదు.

పోయి భవానీప్రసాద్ చెవిలో చెప్పాడు. అతను సరేనన్నాడు. కాగితం ధర బ్యాంకు ద్వారా, పైనది సంచిలో వచ్చేట్టు మాట అయింది.

బండి తీసుకునే రోజు కొట్టు ముందు తిరునాళ్ళే. భవానీప్రసాద్ ఊరంతటినీ పిలిచాడు. గుర్రానికి బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు, డప్పులు. ఫోన్లు పైకెత్తి వీడియో తీసేవాళ్ళు. భవానీప్రసాద్ తెల్లచొక్కాలో, తాళం అందుకోవడానికి చెయ్యి చాపి నిలబడ్డాడు.

వరప్రసాదరావు లోపల సంచి విప్పి చూసుకుని, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ప్రసాద్‌గారూ, ఒక్క మాట. పైన అర తగ్గింది."

"ఏం అర?"

"అయిదు కదండీ మన మాట. సంచిలో నాలుగున్నరే ఉంది."

డప్పులు ఆగాయి. భవానీప్రసాద్ చాపిన చెయ్యి అలాగే ఉంది.

"నాలుగున్నర అన్నారు. ఇప్పుడు అయిదంటున్నారు. దండలేసి, ఊరిని పిలిచాక అయిదంటున్నారు. పైన మీద ఇంకో పైనా? ఎర్రోడిలా కనపడుతున్నానా నేను?"

"ఒట్టండీ, మా పిల్లల మీద ఒట్టు. నేను చెప్పింది అయిదే. అడగండి మీ రూబెన్‌ని. తగ్గించి చెప్పి మిమ్మల్ని ఇక్కడిదాకా లాక్కొచ్చింది అతనే. బేరం తెగితే చాలు, అతని వాటా అతనికి వస్తది కదా!"

అందరి కళ్ళూ రూబెన్ మీదికి తిరిగాయి.

"నా చేతికి నాలుగున్నరే వచ్చింది," అన్నాడు రూబెన్. "చేతికొచ్చిందే చెప్పా."

మాట పూర్తి కాకముందే చెంప పగిలింది. భవానీప్రసాద్ కొట్టిన దెబ్బకి చెవిలో ఈల మోగింది. రెండో చెంప మీద ఉంగరం తగిలి చర్మం లేచింది. రూబెన్ కాళ్ళ మీద నిలబడ్డాడు. చేతులు కిందికే ఉన్నాయి.

"ఇద్దరూ కలిసి ఆడుతున్నారు రా నాటకం! ఒకడు తక్కువ చెబుతాడు, ఇంకోడు ఎక్కువ అడుగుతాడు. మధ్యలో నా పరువు. చేత్తో అబద్ధమాడావా లేదా? చెప్పరా!"

"ఆడలా."

కడుపులో కాలు దిగింది. రూబెన్ వంగాడు. క్రషర్ మనుషులు ఇద్దరు వచ్చి జబ్బలు పట్టుకున్నారు. పిడిగుద్దులు పడ్డాయి, ముక్కు మీద, పక్కటెముకల మీద, గరికపాడులో విరిగిన చోటనే మళ్ళీ. రక్తం పెదవి మీదుగా తువ్వాలు మీదికి కారింది. వీడియోలు తీసేవాళ్ళు ఇప్పుడూ తీస్తూనే ఉన్నారు. ఒకడు మాత్రం ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కొట్టాలంటే రూబెన్‌కి చేతకాక కాదు. ఒక తల ఎదురుగానే ఉంది, ఒక మోకాలు అందుబాటులోనే ఉంది. అతని లోపల ఎడ్లు బెదిరి గొలుసు తెంపుకుంటున్నాయి. ఆ గొలుసు రెండో కొస జయమణి చేతిలో ఉంది.

"డేవిడ్‌రాజూ, వీడి ఎడమ చెయ్యి పట్టుకో," అన్నాడు భవానీప్రసాద్. ఎర్ర కారు తలుపు బార్లా తెరిచాడు. "కుడి చేతికి అర ఉందిగా. దీనికీ అర చేద్దాం. లెక్క సరిపోద్ది."

డేవిడ్‌రాజు రూబెన్ ఎడమ చెయ్యి తెచ్చి తలుపు సందులో పెట్టాడు.

"బావా, ఏమనుకోకు బావా. పిల్లలున్నారు నాకు."

"నాకు మాత్రం లేరేందిరా," అన్నాడు రూబెన్. "గట్టిగా పట్టుకో. కదిల్తే నీ వేళ్ళు కూడా పోతయ్."

భవానీప్రసాద్ తలుపు వేశాడు.

ఆ చప్పుడు పెద్దదేం కాదు. ఖరీదైన కారు తలుపు మెత్తగా పడుతుంది. వేళ్ళ చప్పుడు దాని లోపలే ఉండిపోయింది. రూబెన్ నోట్లోంచి వచ్చింది మాట కాదు, గొలుసు బిగిసినప్పుడు ఎడ్లు చేసే చప్పుడు. డేవిడ్‌రాజు ఏడుస్తూ తలుపు లాగి తీశాడు. రెండు వేళ్ళు పక్కకి తిరిగి ఉన్నాయి. ఎర్ర రంగు మీద రక్తం కనపడలేదు. కింద నిమ్మకాయ మీద మాత్రం కనపడింది.

రూబెన్ మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు కుడిచేత్తో లాగాడు.

"ప్రసాద్‌గారూ. ఇంకో పది దెబ్బలు కొట్టండి, కాదన్ను. ముందు ఒక్కపని చెయ్యనీండి. ఆ రోజు ఆయన పట్టినట్టు మళ్ళా ఒకసారి పట్టమనండి. మీ ముందే."

వరప్రసాదరావు వెనక్కి తగ్గాడు. భవానీప్రసాద్ అతని మెడ పట్టుకుని ముందుకి తోశాడు.

"పట్టు! అయిదు చెప్పావుగా. ఎట్టా చెప్పావో అట్టా పట్టు."

రూబెన్ కుడి చెయ్యి చాపాడు. తువ్వాలు కప్పారు, తెల్లగుడ్డ మీద ఎర్ర మరకలు. వరప్రసాదరావు చెయ్యి లోపలికి పోయింది. ఆ రోజు లాగే రూబెన్ చేతిని మొత్తం గుప్పిట్లోకి తీసుకుంది.

"పట్టా," అన్నాడు. "ఇదిగో, అయిదు."

భవానీప్రసాద్ తువ్వాలు లాగేశాడు.

గుప్పిట్లో నాలుగు వేళ్ళు, ఒక మొండి ఉన్నాయి. మణికట్టు ఖాళీ. సంతలో మూడు జతలు కొన్న మనిషి భవానీప్రసాద్. ఎడ్ల బేరంలో ఎదురుధర చెబుతూ తనే రెండుసార్లు ఆ మణికట్టు పట్టుకున్నాడు. అతని మొహంలోంచి రంగు దిగిపోయింది.

"లెక్క పెట్టండి," అన్నాడు రూబెన్.

ఎవరూ పెట్టలేదు. వరప్రసాదరావు ఒక్కడే అయోమయంగా చుట్టూ చూశాడు.

"చెయ్యి మొత్తం పడితే అయిదు కాదా అండీ? ఎవరి చేతికైనా అయిదే కదా?"

డప్పులవాళ్ళలో ముసలాయన ఒకడు ఫక్కున నవ్వాడు. "అందరి చేతికీ అయిదే దొరా. ఆ చేతికి కాదు." ఆ నవ్వు ఆపుకోలేక అక్కడే కూర్చుండిపోయాడు.

భవానీప్రసాద్ చెయ్యి మళ్ళీ లేచింది. ఈసారి అది వరప్రసాదరావు మీద పడింది. ఒకటి, రెండు, తడబడి కారు బానెట్ మీద పడ్డాక మూడు. "తెలీకపోతే అడిగేడవొచ్చుగా! మా తాత, మా తాత అంటివి!" కొడుతున్నాడు గానీ కళ్ళు రూబెన్ వైపు పోవడం లేదు. తన తప్పుని ఇంకొకడి వీపు మీద దింపేవాళ్ళని రూబెన్ చాలామందిని చూశాడు.

ఆ గొడవలో డిక్కీ దగ్గర పడి ఉన్న జాకీ రాడ్డుని రూబెన్ అందుకున్నాడు. అది చూసి జనం చీలిపోయారు. భవానీప్రసాద్ ఆగిపోయాడు. వరప్రసాదరావు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాడు. రూబెన్ ఇద్దరి మధ్యగా నడిచి గుర్రం ముందుకి పోయాడు. దాని హెడ్‌లైట్లే రెండు కళ్ళు. కుడి కంటి మీద ఒక్కటే దెబ్బ వేశాడు. అద్దం తునకలు బంతిపూల మీద పడ్డాయి.

"ఇది ప్రసాద్‌గారి అర."

తర్వాత మూల నిలబెట్టిన దున్న దగ్గరికి పోయాడు. దాని ఎడమ కంటి మీద ఒకటి.

"ఇది మీ అర, రావుగారూ. ఎవురికీ బాకీ లేదు."

రాడ్డు కింద పడేశాడు. ఎవడూ పట్టుకోలేదు. డేవిడ్‌రాజు ఆటో ఆపి, బావని ఎక్కించి, తనూ ఎక్కాడు. దారి పొడుగునా వాడే ఏడ్చాడు.

ఆస్పత్రికి జయమణి కల్లం నుంచి అలాగే వచ్చింది, చేతులు కూడా కడుక్కోకుండా. వాచిన మొహం చూసింది, కట్టు చూసింది. వాటి సంగతి అడగలేదు.

"చెయ్యి లేచిందా?"

"లేచింది. మనిషి మీద కాదు. కార్ల మీద."

"ఎన్ని?"

"రెండు కళ్ళు."

ఆమె తీసుకున్న మాటలో కార్ల సంగతి లేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, కట్టులేని చేతిని పట్టుకుంది. కారం చెక్కుకుపోయిన చర్మానికి తగిలి భగ్గుమంది. అతను చెయ్యి లాక్కోలేదు. "మండిందా? మండాలి," అంది. ఆ తర్వాత డేవిడ్‌రాజు వైపు తిరిగి, అక్క తమ్ముణ్ణి తిట్టగలిగిన తిట్లన్నీ తిట్టింది. అవి రాయడానికి కుదరవు.

భవానీప్రసాద్ రాలేదు. ఆస్పత్రి ఖర్చు తన మనిషితో పంపితే జయమణి వాకిట్లోనే తిప్పి పంపేసింది. గుర్రం నాలుగున్నర పైనతోనే అతని ఇంటికి చేరింది. దాని కన్ను ఎక్కడో సముద్రాల అవతల నుంచి రావాలి. వచ్చేదాకా ఒంటికన్నుతోనే నందిగామ వీధుల్లో తిరిగింది. అది కనపడినప్పుడల్లా టీ కొట్ల దగ్గర జనం చేతులు పైకెత్తి, చిటికెన వేలు సగానికి మడిచి చూపించుకునేవాళ్ళు. కన్ను వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. భవానీప్రసాద్ ఆ కారుని మెల్లగా షెడ్డులోనే ఉంచేశాడు.

రూబెన్ ఎడమ చేతి వేళ్ళు అతుక్కున్నాయి గానీ సరిగ్గా కాదు. ఉంగరం వేలు చిటికెన వేలి మీదికి ఒరిగి ఉంటుంది. వానాకాలం ముసురు పడితే సలుపుతాయి.

దున్న అమ్ముడుపోలేదు. వరప్రసాదరావు దాని కన్ను బాగుచేయించి, పైన మాట ఎత్తకుండా నాలుగైదు బేరాలు ఆడాడు. ఏదీ తెగలేదు. కొనడానికి వచ్చిన ప్రతి రైతూ ఒకటే అడిగాడు. "రూబెన్ లేడా?" చివరికి అతనే బండి వేసుకుని రూబెన్ ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడి, చెప్పులు విప్పాలో వద్దో తెలియక కాళ్ళు మార్చుకున్నాడు.

"జగ్గయ్యపేట నుంచి ఒకాయన వచ్చాడు. నువ్వు మధ్యలో ఉంటేనే అంటన్నాడు. ఈసారి... ఈసారి మణికట్టు పట్టుకుంటాలే రూబెనూ. నాకు తెలుసు."

లోపల చేటలో బియ్యం చెరుగుతున్న జయమణి చెరగడం ఆపింది.

రూబెన్ తువ్వాలు తీశాడు. దాని మీద మరకలు ఎన్ని ఉతుకులకీ పోలేదు. దాన్ని విప్పి, కుడి చెయ్యి పక్కన పెట్టి, ఎడమ చెయ్యి చాపాడు.

"మీకు తెలిసింది చాల్లెండి. దీన్ని పట్టండి. వంకర గానీ, లెక్కకి పూర్తి అయిదు."

లోపల చేట మళ్ళీ కదిలింది.